కొమ్ములున్న జింకనే ఎందుకు కొడతారు?

పోయిన నెల ఒక ఆదివారం రెండో పూజ ముగిశాక, గుడి మెట్ల దగ్గర ఒక తల్లి నన్ను ఆపి ఫోనులో ఒక ఫోటో చూపించింది. ఆమె కొడుకు అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అతనితో కలిసి పనిచేసే ఒకాయన కొండల్లో పెద్ద మృగాన్ని కొట్టి, దాని తల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నవ్వుతున్నాడు. ఆ కొమ్ములు మనిషి భుజాల కంటే వెడల్పుగా ఉన్నాయి.

"ఫాదర్ గారూ, వీళ్ళు కొమ్ములున్న మగదాన్నే కొడతారట. ఆడదాన్ని వదిలేస్తారట. మా వాడు చెప్పాడు. అంటే తుపాకీ పట్టుకున్న వాళ్ళకీ తల్లి మీద దయ ఉందన్నమాటేగా?" అని అడిగింది.

"దయ కొంత, లెక్క కొంత, గొప్ప కొంత అమ్మా" అన్నాను. ఆమె నవ్వి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ జవాబు చాలలేదు. ఎందుకంటే ఇదే ప్రశ్నకు కొన్నేళ్ళ క్రితం నేను ఒకచోట తొందరపడి జవాబు చెప్పి, ఆ తరువాత సిగ్గుపడ్డాను. ఆ సంగతి చెప్పే ముందు అసలు విషయం కొంచెం చూద్దాం.

ఫోటోలోని మృగాన్ని అక్కడ ఎల్క్ అంటారు. మన అడవుల్లోని కణితికి దూరపు చుట్టం, దానికంటే పెద్దది. మగది సుమారు 320 కిలోలు, ఆడది 225 కిలోలు తూగుతాయి. అమెరికాలో ఊరూరా కనిపించే మరో జాతి తెల్లతోక జింక. ఈ రెండింటిలోనూ కొమ్ములు మగవాటికే. ఆవు కొమ్ములా అవి జీవితాంతం ఉండేవి కావు. వసంతంలో మొలిచి, వేసవంతా మెత్తని నూగుచర్మం కింద పెరిగి, శరత్కాలానికి గట్టిపడి, చలికాలం చివర్లో రాలిపోతాయి. మళ్ళీ మొదలు. ఎల్క్ కొమ్ము బాగా ఎదిగే రోజుల్లో రోజుకు దాదాపు ఒక అంగుళం పెరుగుతుంది. జత కొమ్ములు 18 కిలోల దాకా తూగవచ్చు. ఏటేటా అంత ఎముకను తల మీద పెంచి పారేయడం సృష్టిలో ఒక వింత. ఆడవాటికి కూడా కొమ్ములుండేది ఆ కుటుంబంలో ధ్రువప్రాంతపు రెయిన్‌డీర్‌కే. క్రిస్మస్ కార్డుల మీద బండి లాగేది అదే.

ఇక లెక్క సంగతి. ఒక మగజింక ఒకే రుతువులో ఎన్నో ఆడజింకలతో కూడగలదు. మగ ఎల్క్ అయితే ఒక మందనే చుట్టూ పోగుచేసుకుని, మరో మగదాన్ని రానివ్వకుండా కాపలా కాస్తుంది. కనుక 50 మగవి, 50 ఆడవి ఉన్న అడవిలో 40 మగవాటిని కొట్టినా, వచ్చే ఏడు పుట్టే పిల్లల సంఖ్య పెద్దగా తగ్గదు. అదే 40 ఆడవాటిని కొడితే పుట్టేవి అయిదో వంతుకు పడిపోతాయి. తెల్లతోక జింక మంచి మేత దొరికితే తరచు కవలల్ని ఈనుతుంది కాబట్టి తేడా ఇంకా పెద్దది.

ఈ లెక్క మనకు కొత్త కాదు. మాంసం కొట్టు దగ్గర "పోతేనా?" అని అడగని ఇల్లాలు మన విచారణలో ఉందా? పొట్టేలు పండుగకు, గొర్రె మందకు. మేకపోతు జాతరకు, మేక పాలకు, పిల్లలకు. ఈ ఏర్పాటును ఎవరూ దయ అని పిలవలేదు, కాపరితనం అన్నారు. పవిత్ర గ్రంథంలోనూ అంతే. ఆదికాండములో యాకోబు తన అన్న ఏసావు కోపం చల్లార్చడానికి పంపిన కానుకను ఓపిగ్గా చదవండి: 200 మేకలు, 20 మేకపోతులు, 200 గొర్రెలు, 20 పొట్టేళ్ళు. పదికి ఒకటి. ఆ అంకెలు రాసినవాడికి మందల సంగతి తెలుసు. పాస్కా గొర్రెపిల్ల కూడా ఏడాది వయసున్న మగదే కావాలన్నప్పుడు, దాని ఆధ్యాత్మిక అర్థం ఎంత ఉన్నతమైనదైనా, ఇశ్రాయేలు ఇల్లాలికి అందులో ఒక ఊరట కూడా ఉండే ఉంటుందని నా ఊహ. మంద నిలుస్తుంది.

అమెరికావారు ఈ కాపరి లెక్కను అడవికి ఎందుకు తీసుకువెళ్ళారో చరిత్ర చెబుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ మాంసం కోసం, తోళ్ళ కోసం వ్యాపారంగా వేటాడారు. ఆడ, మగ, పిల్ల, చూలు అన్న తేడా లేదు. 1900 నాటికి తెల్లతోక జింకలు దేశం మొత్తం మీద కొన్ని లక్షలే మిగిలాయని అంచనా. ఎల్క్ లక్షకు లోపే. అప్పుడు కళ్ళు తెరిచి, 1900లో లేసీ చట్టం తెచ్చి దొంగవేట మాంసం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పోకుండా కట్టడి చేశారు. ఒక్కొక్క రాష్ట్రమూ 'మగజింకలనే కొట్టాలి' అని నియమం పెట్టింది. పెన్సిల్వేనియా 1907లో, విస్కాన్సిన్ 1915లో. మరో లాభం కూడా వాళ్ళు చెప్పుకున్నారు. కొమ్ములున్నాయో లేవో చూసి కొట్టాల్సి వస్తే, వేటగాడు పొద కదలగానే తుపాకీ పేల్చడు, పొద వెనుక మనిషి బతికిపోతాడు! నియమం పనిచేసింది. ఈనాడు అక్కడ తెల్లతోక జింకలు దాదాపు 3 కోట్లు, ఎల్క్ దాదాపు 10 లక్షలు. 1937 నుంచి తుపాకుల మీద, తూటాల మీద వేసే పన్ను డబ్బు వన్యప్రాణుల పోషణకు వెళుతోంది. వేటగాడి డబ్బుతో అడవి కాపలా నడవడం మనకు విడ్డూరంగా తోచవచ్చు. మన దేశంలో 1972 చట్టం తరువాత జింక వేట నేరం. ఎవరి దారి మేలన్నది వేరే చర్చ, అది ఇక్కడ పెట్టుకోను.

చట్టం పక్కనపెడితే, వేటగాడి మనసులో ఉన్నది ఏమిటి? మగదానికి మాంసం ఎక్కువన్న మాట నిజం. అయితే ఆడదాని మాంసమే మెత్తన అని వేటగాళ్ళే అంటారు. జత కట్టే కాలంలో మగది తిండి మాని, పోట్లాడి, ఒంట్లో కొవ్వు కరిగించుకుని చిక్కిపోతుంది. ఆ కాలంలోనే అది జాగ్రత్త కూడా మరిచిపోతుంది. మిగతా ఏడాదంతా నీడలా తిరిగే ముసలి మగజింక, నవంబరులో ఆడదాని వాసన పట్టి పట్టపగలు బయలు దాటుతుంది. మగ ఎల్క్ సెప్టెంబరు తెల్లవారుజామున ఈల వేసినట్టు అరుస్తుంది. వేటగాడు ఆ అరుపునే అనుకరించి దాన్ని దగ్గరకు రప్పిస్తాడు. కామం కన్ను కప్పుతుందన్న మాటకు ఇంతకంటే ఉదాహరణ నేను చూడలేదు, కానీ పాపం ఆ మృగానికి పాపం అంటగట్టలేం.

అన్నిటికీ మించి గోడ. కొమ్ముల్ని గోడకు తగిలించాలి. 1887లో థియోడోర్ రూజ్‌వెల్ట్ పూనుకుని స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు, కొమ్ముల పొడవు, చుట్టుకొలత, కొనల సంఖ్య కొలిచి మార్కులు వేసే పద్ధతి నడుపుతోంది. వయసు మళ్ళిన మృగానికి పెద్ద కొమ్ములుంటాయి, కాబట్టి పిల్లల్ని వదిలి, బతుకు చూసినదాన్ని ఎంచుకోవడం మంచిదేనని ఆ పద్ధతిని మొదలుపెట్టినవారి ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ మనిషి చేతిలో కొలబద్ద పెడితే చివరికి తననే కొలుచుకుంటాడు. 'కొమ్ముల్ని వండుకు తినలేం' అని అక్కడి పాత వేటగాళ్ళు ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళిలో నాకు మంచి నీతిశాస్త్రం కనిపిస్తుంది. తుపాకీ ఒకటే, తూటా ఒకటే, పడిపోయిన జింక ఒకటే. ఇంటిల్లిపాదికీ చలికాలపు కూరకని కొట్టినవాడు, గోడకని కొట్టి మాంసం సంగతి మరిచినవాడు ఒకే పని చేసినవారు కారు. పనికి ఆకారమిచ్చేది సంకల్పం అని సెమినరీలో మాకు నేర్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, అది నాకు అర్థమైంది ఆ గోడల ముందు నిలబడ్డప్పుడే.

ఇప్పుడు నా సంగతి. 2013 శరత్కాలంలో మా మేత్రాసనం నుంచి నన్ను విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన ఒక పల్లె విచారణకు సేవకు పంపారు. అక్కడ అమెరికావారి కృతజ్ఞతా పండుగకు ముందటి శనివారం జింకల వేట మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. ఆ వారం పూజకు సగం మంది నారింజరంగు కోట్లతో వస్తారు, అడవిలో ఒకరినొకరు కాల్చుకోకుండా. పీఠం మీద నుంచి చూస్తే బంతిపూల తోటలా ఉంటుంది.

ఒక తాతా మనవడూ నా దగ్గరకు తగవు తెచ్చారు. తాతకు ఎనభై దాటాయి. జీవితంలో ఒక్క ఆడజింకను కొట్టలేదు. తండ్రి ఆయనకు నేర్పిన మొదటి పాఠం అదే: తల్లిని కొట్టేవాడు వేటగాడు కాడు. మనవడికి పద్నాలుగేళ్ళు. వాడికి కొమ్ములు లేని జింకను కొట్టడానికి ప్రభుత్వపు అనుమతి చీటీ ఉంది. "చట్టం ఒప్పుకుంటోంది కదా ఫాదర్" అంటాడు వాడు. "చట్టం ఒప్పుకున్నదల్లా చేస్తావా?" అంటాడు తాత.

నాకు తాత నచ్చాడు. ఆ ఆదివారం ప్రసంగంలో ద్వితీయోపదేశములోని పక్షిగూటి నియమం తీశాను. దారిలో గూడు కనిపిస్తే పిల్లల్ని తీసుకో, తల్లిని మాత్రం పోనివ్వు అని మోషే ధర్మశాస్త్రం. తల్లిదండ్రుల్ని గౌరవించినవారికి చెప్పిన దీర్ఘాయువు దీవెనే దీనికీ చెప్పారు. ఇంత చిన్న ఆజ్ఞకు అంత పెద్ద దీవెన! తల్లిని వదలడంలో దేవుని హృదయం ఉంది అని వాక్కు నడిపించాను. తాత కళ్ళు తుడుచుకున్నాడు. మనవడు ఆ ఏడు చీటీ వాడలేదు.

ఆ చలికాలం అక్కడివారే జడుసుకునేంత ఘోరంగా వచ్చింది. మార్చి నెలలో, అటవీశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా విచారణ పెద్దమనిషి ఒకాయన, "ఫాదర్, మీ ప్రసంగం బాగుంది. ఒకసారి నాతో రండి" అని మంచు బూట్లు తొడిగించి దేవదారు చిత్తడి అడవిలోకి తీసుకువెళ్ళాడు. జింకలు చలికాలంలో గుంపులుగా తలదాచుకునే చోటది. చెట్లన్నిటికీ ఒకే ఎత్తు దాకా ఆకు లేదు, ఎవరో తాడు పట్టి గీత గీసినట్టు. వెనుక కాళ్ళ మీద నిలబడ్డ జింక మూతి అందే ఎత్తు అది. ఆ గీతకు కింద మొలక అనేదే లేదు. మంచులో అక్కడక్కడా చచ్చిన జింకలు. ఎక్కువ పిల్లలే. పొడుగువాటికి అందే కొమ్మ పొట్టివాటికి అందదు కదా. ఆయన కత్తితో ఒక తొడ ఎముక పగలగొట్టి చూపించాడు. తెల్లగా, నెయ్యిలా గట్టిగా ఉండాల్సిన మూలుగ ఎర్రగా, జావలా ఉంది. ఆకలికి ఒంట్లోని కొవ్వంతా అయిపోయాక చివరికి మూలుగ కూడా ఇలా కరిగిపోతుందట.

"ఈ ఏటి చావుల్లో నేరం మంచుదే" అన్నాడాయన న్యాయంగా. "కానీ ఆ గీత ఈ ఏటిది కాదు. ఎన్నో దశాబ్దాల నోళ్ళు గీసినది. మీరు తల్లిని వదలమన్నారు. పిల్లలకు తిండి ఎక్కడిదో చెప్పలేదు."

నేను ఏమీ అనలేకపోయాను. నవంబరులో ఆడజింకను కొడితే పాలు లేక పిల్ల చస్తుందని కూడా నేను అనుకున్నాను. పిల్లలు మే, జూన్ నెలల్లో పుడతాయి, నవంబరుకు పాలు మరిచి సొంతంగా మేస్తుంటాయి. వేట కాలాన్ని అందుకే అప్పుడు పెట్టారు. ఆ పాటి విషయం కూడా అడిగి తెలుసుకోకుండా పీఠమెక్కాను. 'కొమ్ములు లేని జింక' అన్న చీటీ మీద పడేవాటిలో కొన్ని మగపిల్లలు ఉంటాయని కూడా తరువాతే తెలిసింది.

అదే రాష్ట్రంలో ఈ తగవు ఒకసారి ఊరూవాడా రగిలింది. ఆల్డో లియోపోల్డ్ అనే అటవీశాస్త్రవేత్త 1943లో రాష్ట్ర సంరక్షణ సంఘంలో సభ్యుడయ్యాడు. పడుచుతనంలో తోడేళ్ళను చంపితే జింకలు పెరుగుతాయని తానే నమ్మినవాడు. తోడేళ్ళు పోయి, ఆడజింకల్ని కొట్టడం ఆగి, మంద అడవిని మించిపోయాక మనసు మార్చుకున్నాడు. ఆయన పట్టుదల మీద ఆ ఏడు కొమ్ములు లేని జింకల వేటకు అనుమతించారు. లక్షకు పైగా జింకలు పడ్డాయి. జనం తిట్టిపోశారు. 'నలభై మూడో ఏటి నేరం' అని పేరు పెట్టారు. మళ్ళీ కొన్నేళ్ళు మగజింకల నియమమే. సరిగ్గా ముందటేడు, 1942లో, వాల్ట్ డిస్నీ బాంబీ సినిమా విడుదలైంది. అందులో లేడిపిల్ల తల్లిని వేటగాడు కాలుస్తాడు. ఆ దృశ్యానికి ఏడ్చిన పిల్లల తల్లిదండ్రులకు, ఆకలిచావులు కనబడవు, తుపాకీ మాత్రం కనబడుతుంది అని లియోపోల్డ్ ఎలా నచ్చజెప్పగలడు? వారినీ తప్పుపట్టను. నేనూ ఆ పక్షానే ప్రసంగించాను.

మన దయకు ఒక గుణం ఉంది. అది ముఖం కనబడినచోట వాలుతుంది. ఆడజింక ముఖం, దాని వెంట పిల్ల, మన గుండెలో ఏదో కదులుతుంది. ఆ కదలిక దేవుడిచ్చినదే. అక్వినాసు పునీత తోమాసు వారు ధర్మశాస్త్రంలోని ఇలాంటి నియమాల గురించి చెబుతూ, మూగజీవుల మీద జాలి అలవాటైనవాడు మనుషుల మీద జాలిపడటానికి సిద్ధమవుతాడని వివరించారు. అది నిజమే. కానీ అదే తోమాసు వారు మరోచోట, నియమం పుట్టిన కారణానికి నియమపు అక్షరమే అడ్డువస్తే అక్షరాన్ని పక్కన పెట్టడం కూడా ఒక సద్గుణమే అన్నారు. దాచమని ఇచ్చిన కత్తిని అడగగానే తిరిగి ఇవ్వాలి. అడిగేవాడు పిచ్చెత్తి ఉంటే ఇవ్వకూడదు. 1915లో ఆడజింకను వదలడం మందను బతికించింది. మంద నిండిన అడవిలో వదలడం ఆ మందకే ఆకలి తెచ్చింది. పని మారలేదు, దాని చుట్టూ లోకం మారింది. తాత తన తండ్రి దగ్గర నేర్చుకున్నది పాఠమే, కానీ పాఠంతో పాటు దాని కారణం ఎవరూ చెప్పలేదు.

మగదాని పక్షాన కూడా ఒక మాట అనాలి. 'ఒకటి మిగిలితే చాలు' అన్న లెక్కను హద్దు లేకుండా నడిపితే అదీ బెడిసికొడుతుంది. ఎదిగిన మగ ఎల్క్‌లన్నిటినీ కొట్టేసిన చోట, కుర్రవాటితో ఆలస్యంగా చూలు నిలిచి, పిల్లలు ఆలస్యంగా పుట్టి, చలికాలానికి తగినంత ఎదగక ఇబ్బంది పడతాయి. పెన్సిల్వేనియా 2002లో, కొమ్ములకు కొన్ని కొనలైనా లేని చిన్న మగజింకను కొట్టరాదని నియమం తెచ్చింది, పడుచువి పెద్దవి కావాలని. ఆడవాటినేమో ఎక్కువ కొట్టమన్నది.

ఇక్కడ ఇంకొకటి మనసులో మెదులుతుంది. నశించే జీవుల్లో ప్రకృతి కాపాడేది జాతిని, మనుషుల్లోనైతే ఒక్కొక్కరూ దేవుని దృష్టిలో తమకోసమే ఉన్నవారు అని తోమాసు వారి బోధ. కనుక మందను అంకెలుగా చూడటం జింకల దగ్గర బాధ్యత కావచ్చు. మనుషుల దగ్గర అది ఎన్నడూ తగదు. అయినా చూశాం కదా. అడవిలో ఆడదాన్ని కాపాడిన లెక్క మన ఇళ్ళలో తలకిందులైంది. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలియగానే తీయించుకోవడం ఎంత పెరిగిందంటే, 1994లో లింగనిర్ధారణను నిషేధిస్తూ చట్టమే తేవలసివచ్చింది. లేడికి దొరికిన రక్షణ మన లేడిపిల్లలకు దొరకలేదు. ఇది రాస్తుంటే నా కలం ఆగుతోంది. దీని గురించి వేరుగా రాయాలి.

వేటగాళ్ళ పాలకుడు పునీత హుబెర్టు వారి పండుగ నవంబరు 3న, సరిగ్గా ఆ వేట రోజుల ముందు వస్తుంది. ఆయన లియేజ్ మేత్రాణులు, 727లో పరమపదించారు. పవిత్ర శుక్రవారం నాడు వేటకు పోతే, తరుముతున్న మగజింక ఆగి వెనుదిరిగిందని, దాని కొమ్ముల మధ్య సిలువ వెలిగిందని ఐతిహ్యం. ఐతిహ్యమే, అంతకుముందు ఇదే కథ పునీత యూస్టేసు వారి మీద కూడా చెప్పారు. కానీ చిత్రం చూడండి. మగది పోతే పోయింది, మందకు నష్టం లేదు అని అందరూ తీసిపారేసే ఆ జీవి తల మీదే ఆ సిలువ నిలబడింది.

2014 శరత్కాలం వచ్చింది. గడిచిన చలికాలం మందను బాగా తగ్గించింది గనుక, ఉత్తరాన చాలా చోట్ల ఆ ఏడు మగజింకలనే కొట్టాలని ప్రభుత్వం మళ్ళీ నియమం పెట్టింది. అంతకు ముందే నేను పీఠం మీద నుంచి నా పొరపాటు ఒప్పుకున్నాను. చిత్తడి అడవిలో చూసింది చెప్పాను. తాత నాతో రెండు వారాలు మాట్లాడలేదు. నియమం వచ్చిన రోజు మాత్రం గురుమందిరానికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "చూశారా ఫాదర్, చివరికి మా నాన్న మాటకే వచ్చారు" అన్నాడు. వెనుక మనవడు "మందలు తగ్గాయని పెట్టారు తాతా, పెరిగితే తీసేస్తారు" అన్నాడు. వాడు మధ్యలో అటవీశాఖ పెద్దాయన దగ్గరకు నాలుగైదుసార్లు వెళ్ళి వచ్చాడని నాకు తెలుసు.

ఆ శనివారం ఇద్దరూ కలిసే అడవికి వెళ్ళారు. తెల్లవారింది మొదలు చీకటిపడేదాకా చెట్టు మీది మంచె ఎక్కి కూర్చున్నారట. వాళ్ళ ముందు నుంచి ఏడు ఆడజింకలు, ఒకదాని వెనుక ఒకటి, మంచులో మోకాలు దిగబడుతూ వెళ్ళాయట. మూడంగుళాల కొమ్మున్నది ఒక్కటీ రాలేదు. ఇద్దరూ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఊరుకున్నారు. మర్నాడు పూజయ్యాక తాత నాకు ఈ సంగతి చెబుతుంటే, మనవడు ఏడు కాదు, ఎనిమిది అని దిద్దాడు.